పాత చేపల పడవకు మళ్లీ ఏ మోటార్ పెట్టాలి?

పడవ వెనక బయటివైపు బిగించే పాత అవుట్‌బోర్డ్ మోటార్ చేతులెత్తేశాక చాలామంది వేసుకునే లెక్క చాలా సులువుగా ఉంటుంది. ఉన్నది 40 హెచ్‌పీ కాబట్టి మళ్లీ 40 తీసుకుందాం, చేతిలో డబ్బు ఆడితే 60 చూద్దాం. ఆ తర్వాత ఏ కంపెనీ, కార్బ్యురేటరా ఇంజెక్షనా అన్న చర్చ మొదలవుతుంది. పడవ సంగతి ఆఖరున గుర్తొస్తుంది. ఇరవై పాతికేళ్లు నీళ్లలో నానిన పడవ విషయంలో ఈ వరసను తిరగెయ్యాలి. ముందు పడవ వెనక భాగం ఎంత బరువు మోయగలదో తేల్చుకోవాలి, తర్వాత ఆ పడవ రోజూ చేసే పనేమిటో చూసుకోవాలి. ఈ రెండూ తేలితే షోరూమ్‌లో వరసగా నిలబెట్టిన మోడళ్లలో సగానికి పైగా వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

ముందు వెనక చెక్కను తట్టి చూడండి

మోటార్ బిగించే వెనక గోడను ట్రాన్సమ్ అంటారు. పాత ఫైబర్ పడవల్లో ఎక్కువ భాగం దీని లోపల ప్లైవుడ్ పెట్టి, రెండు వైపులా ఫైబర్ పూత వేసినవే. మోటార్ బోల్టుల చుట్టూ, డ్రెయిన్ ప్లగ్ చుట్టూ, చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్ సెన్సర్ కోసం ఎప్పుడో ఎవరో కొట్టిన స్క్రూ రంధ్రాల్లోంచీ నీళ్లు మెల్లగా లోపలికి దిగుతాయి. ప్లైవుడ్ పుచ్చిపోయి ముద్దలా తయారైనా పైన పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. కాబట్టి కంటితో చూసి చెప్పడం కుదరదు.

చిన్న సుత్తి పిడితో ట్రాన్సమ్ మొత్తం అంగుళం అంగుళం తట్టండి. గట్టిగా ఉన్నచోట మోత స్పష్టంగా, ఖణేల్‌మని వస్తుంది. మెత్తబడ్డచోట మొద్దుగా, చచ్చిన శబ్దం వస్తుంది. పాత మోటార్ ఇంకా పడవకే ఉంటే దాన్ని సగం పైకి లేపి, కింది గేర్ భాగాన్ని చేత్తో పట్టుకుని గట్టిగా పైకీ కిందకీ ఊపండి. ఒక మనిషి పక్కన నిలబడి ట్రాన్సమ్ పై అంచును చూడాలి. అది కదులుతున్నా, మూలల్లో సన్నని పగుళ్లు తెరుచుకుంటున్నా లోపల బాగాలేదని అర్థం. ఇంకా అనుమానం ఉంటే పడవ లోపలి వైపు నుంచి, కింది భాగంలో సన్నని డ్రిల్ బిట్‌తో ఒకటి రెండు రంధ్రాలు వెయ్యండి. పొట్టు పొడిగా, లేత రంగులో వస్తే సంతోషం. నల్లగా, తడిగా వస్తే మోటార్ ఆలోచన కొన్నాళ్లు పక్కన పెట్టి చెక్క మార్పించాల్సిందే. పరీక్ష అయ్యాక ఆ రంధ్రాలను ఎపాక్సీ జిగురుతో మూసెయ్యడం మరిచిపోకండి, లేకపోతే పరీక్షే జబ్బవుతుంది.

అల్యూమినియం పడవలకు వేరే రోగాలు. రివెట్ల చుట్టూ, వెల్డింగ్ గీతల పక్కన పగుళ్లు వెతకాలి. వాటి ట్రాన్సమ్‌లో కూడా చెక్క ఉండొచ్చు. దాన్ని మార్చేటప్పుడు రాగి రసాయనాలతో శుద్ధి చేసిన ప్లైవుడ్ వాడితే ఆ రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది. మామూలు మెరైన్ ప్లైవుడ్‌కు ఎపాక్సీ పూసి పెట్టడమే మేలు.

పుచ్చిన ట్రాన్సమ్ మీద కొత్త మోటార్ పెట్టి, అడ్డంగా ఒక ఇనుప పలక బిగించి నెట్టుకొచ్చేవాళ్లు ఉన్నారు. కొన్నాళ్లు నడుస్తుంది కూడా. కానీ కెరటాల మీద పడవ లేచి పడిన ప్రతిసారీ మోటార్ బరువుకు కొన్ని రెట్ల బలం ఆ చెక్క మీద పడుతుంది. బడ్జెట్ తక్కువైతే మోటార్‌లో ఒక మెట్టు దిగండి, ట్రాన్సమ్ మరమ్మతులో మాత్రం దిగొద్దు.

బరువు లెక్క

పాత పడవల్లో చాలావాటిని టూ స్ట్రోక్ మోటార్లు రాజ్యమేలిన రోజుల్లో, వాటి బరువు దృష్టిలో పెట్టుకుని గీశారు. ఇప్పుడు అదే హెచ్‌పీ ఉన్న ఫోర్ స్ట్రోక్ సాధారణంగా ఎక్కువ బరువు తూగుతుంది. మెర్క్యురీ మూడు సిలిండర్ల టూ స్ట్రోక్ 90 సుమారు 137 కిలోలు ఉండేది. వాళ్లదే ఇప్పటి ఫోర్ స్ట్రోక్ 90 సుమారు 163 కిలోలు. చేత్తో లాగి స్టార్ట్ చేసే టూ స్ట్రోక్ 40 ఒకటి 70 కిలోల పైచిలుకు ఉంటే, మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ 40 సుమారు 98 కిలోలు. తేడా పాతిక కిలోలే కదా అనిపిస్తుంది. అయితే అది పడవ నడిమధ్యలో పెట్టే పాతిక కిలోలు కాదు, వెనక అంచుకు అవతల వేలాడే పాతిక కిలోలు. దానికి తోడు ఎలక్ట్రిక్ స్టార్ట్ కోసం పెద్ద బ్యాటరీ కూడా తెచ్చి వెనకే పెడతారు.

దీన్ని కొనకముందే పరీక్షించుకోవచ్చు. పాత మోటార్ పడవకే ఉండగా పడవను నీళ్లలో నిలిపి, కొత్త మోటార్ ఎంత ఎక్కువ బరువో అంత ఇసుక మూట కట్టి మోటార్ తలమీదో దాని పక్కనో పెట్టండి. మామూలుగా తీసుకెళ్లే వల, ఐస్, ఇంధనం, మనుషులు అందరూ ఎక్కాలి. ఇప్పుడు డెక్ మీది నీళ్లు బయటికి పోయే రంధ్రాలు నీటి మట్టానికి పైనే ఉన్నాయా? అవి మునిగితే నీళ్లు బయటికి పోవడానికి బదులు లోపలికి వస్తాయి. వెనక అంచుకూ నీళ్లకూ మధ్య ఎడం ఎంత మిగిలింది? ఎవరైనా వల లాగడానికి వెనక మూలకు వస్తే ఎంత మిగులుతుంది? ఈ అరగంట పరీక్ష చెప్పినంత నిజం ఏ బ్రోచరూ చెప్పదు.

ఫలితం బాగా రాకపోతే దారులు రెండు. బ్యాటరీ, ట్యాంకు, ఐస్ పెట్టె వంటి బరువులను ముందుకు జరపడం ఒకటి. హెచ్‌పీలో ఒక మెట్టు దిగడం రెండోది. రెండో దారి అంటే చాలామందికి చిన్నతనంగా ఉంటుంది గానీ, ఒకే హెచ్‌పీలో కూడా మోడళ్ల మధ్య బరువు తేడాలు పెద్దవే. 60 హెచ్‌పీలో సుజుకీ డీఎఫ్60ఏ సుమారు 104 కిలోలు, మెర్క్యురీ ఫోర్ స్ట్రోక్ 60 సుమారు 112 కిలోలు. 70 హెచ్‌పీ ఉన్న యమహా ఎఫ్70 కూడా సుమారు 119 కిలోలే. 90 దగ్గరకు వచ్చేసరికి బరువు ఒక్కసారిగా 160 దాటే మోడళ్లు ఉన్నాయి. పాత 85, 90 టూ స్ట్రోక్ ఉన్న తేలికపాటి పడవకు 70 ఫోర్ స్ట్రోక్ సరైన జోడీ అని నా అభిప్రాయం. వేగం కొద్దిగా తగ్గుతుంది, పడవ మాత్రం మునుపటిలాగే తేలుతుంది.

ఇక్కడే షాఫ్ట్ పొడవు కూడా చూసుకోవాలి. ట్రాన్సమ్ పై అంచు మధ్య నుంచి పడవ అడుగు వరకు కొలవండి. 15 అంగుళాల దగ్గర ఉంటే షార్ట్, 20 అయితే లాంగ్, 25 అయితే ఎక్స్‌ట్రా లాంగ్. ప్రొపెల్లర్ పైన ఉండే బల్లపరుపు రెక్క పడవ అడుగు మట్టానికి సమానంగానో, ఒక అంగుళం కిందకో రావాలి. షాఫ్ట్ పొట్టిదైతే ప్రొపెల్లర్ గాలి పీల్చి ఊరికే తిరుగుతుంది. పొడవైతే నీళ్లను అనవసరంగా కోస్తూ ఇంధనం తాగుతుంది. సెకండ్ హ్యాండ్ మోటార్ చవకగా దొరికిందని షాఫ్ట్ కొలవకుండా తెచ్చుకుంటే ఆ చవక ఒక్క రోజు కూడా నిలవదు.

ఎంత హెచ్‌పీ కావాలి?

పడవకు కంపెనీ ప్లేటు ఉంటే గరిష్ఠ హెచ్‌పీ దాని మీదే రాసి ఉంటుంది. అది దాటకూడదు. చాలా పాత పడవలకు ఆ ప్లేటు ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. అప్పుడు అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధనల్లో 20 అడుగుల లోపు పడవలకు వాడే సూత్రం అంచనాకు పనికొస్తుంది. పడవ పొడవును ట్రాన్సమ్ వెడల్పుతో అడుగుల్లో గుణించండి. 16 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు అయితే 80 వస్తుంది. గుణిస్తే వచ్చిన అంకె 52.5 దాటి, స్టీరింగ్ చక్రం ఉండి, ట్రాన్సమ్ ఎత్తు కనీసం 20 అంగుళాలు ఉంటే దాన్ని రెట్టింపు చేసి 90 తీసెయ్యాలి. అంటే 70 హెచ్‌పీ. స్టీరింగ్ లేకుండా వెనక కూర్చుని టిల్లర్ పిడితో నడిపే పడవైతే అదే 80ని 0.8తో గుణించి 25 తీసెయ్యాలి. 39 వస్తుంది, దాన్ని 40గా తీసుకోవచ్చు. ఒకే పడవ, నడిపే తీరు మారితే దాదాపు సగానికి పడిపోయింది చూడండి. అడుగు బల్లపరుపుగా ఉన్న టిల్లర్ పడవకు ఇంకా తక్కువ వస్తుంది. ఈ సూత్రం కొత్త పడవను ఉద్దేశించింది. పాతదానికి ఇది పై హద్దు మాత్రమే.

ఇంకో చిక్కు పాత అంకెలతోనే ఉంది. 1980ల మధ్యకు ముందు చాలా కంపెనీలు శక్తిని ఇంజన్ క్రాంక్ దగ్గర కొలిచి చెప్పేవి. తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర కొలవడం మొదలైంది. గేర్లలో పోయే శక్తి ఆ లెక్కలో తగ్గిపోతుంది. కాబట్టి 1970ల నాటి 40ని దించి ఇప్పటి 40 పెడితే నిజానికి కొంచెం ఎక్కువ శక్తే పెట్టినట్టు. మెట్టు దిగడానికి జంకేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

తర్వాత పడవ స్వభావం. నీటిని చీల్చుకుంటూ పోయే బరువైన పడవలు ఉంటాయి, వేగం అందుకున్నాక నీటి మీదికి లేచి జారే పడవలు ఉంటాయి. మొదటి రకానికి ఒక సహజమైన హద్దు ఉంది. నీటి మట్టం దగ్గర పడవ పొడవును అడుగుల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో వచ్చే వేగం అది. 25 అడుగులైతే 6.7 నాట్లు, అంటే గంటకు సుమారు 12 కిలోమీటర్లు. దాని మీద ఎంత పెద్ద మోటార్ పెట్టినా పడవ తన అలను తానే ఎక్కలేక ముక్కు పైకెత్తి, వెనక కుంగి, ఇంధనం తాగుతుంది తప్ప చెప్పుకోదగ్గ వేగం రాదు. అలాంటి పడవకు లోడుతో సహా టన్నుకు 4–5 హెచ్‌పీ చాలు, ఎదురుగాలికీ పోటుకూ కొంత కలుపుకోండి. దానికి కావలసింది వేగం కాదు, నెట్టే బలం. మెర్క్యురీలో కమాండ్ థ్రస్ట్, యమహాలో హై థ్రస్ట్ అని పిలిచే మోడళ్లు ఇందుకే ఉన్నాయి. వాటిలో గేర్ నిష్పత్తి ఎక్కువ, ప్రొపెల్లర్ పెద్దది. మెర్క్యురీ 60లో మామూలు గేర్ 1.83కి 1 అయితే కమాండ్ థ్రస్ట్‌లో 2.33కి 1. బరువైన చెక్క పడవకు హై థ్రస్ట్ 25 చేసే పని మామూలు 40 చెయ్యలేకపోవచ్చు.

రెండో రకం, అంటే జారే పడవకు లోడుతో కలిపిన మొత్తం బరువును హెచ్‌పీతో భాగించండి. హెచ్‌పీకి 20 కిలోలు దాటుతుంటే అది నీటి మీదికి లేవడానికి అవస్థ పడుతుంది. లేవలేక లేవలేక ఫుల్ థ్రాటిల్ మీదే తిరిగే చిన్న మోటార్, సుఖంగా మూడొంతుల థ్రాటిల్ మీద తిరిగే మోటార్ కంటే ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. ఇక్కడ మరీ చిన్నది కొనడమూ నష్టమే.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా?

అసలు గొడవంతా ఇక్కడే. ముందుగా చట్టం సంగతి. అమెరికా, యూరప్ వంటి చోట్ల పొగ నిబంధనల వల్ల కార్బ్యురేటర్ టూ స్ట్రోక్ కొత్తది కొనే వీలు లేదు. అమెరికాలో ఆ నిబంధనలు 1998 నుంచి 2006 మధ్య విడతలుగా అమల్లోకి వచ్చాయి. చాలా ఇతర దేశాల్లో యమహా ఎండ్యూరో వంటి టూ స్ట్రోక్‌లు ఇంకా చేపల పడవల మీద విరివిగా తిరుగుతున్నాయి. కొన్ని సరస్సుల్లో అసలు వాటిని నడపనివ్వరు. మీ నీళ్లలో ఏది చెల్లుతుందో కనుక్కుంటే కొందరికి ఈ ప్రశ్న ఇక్కడే తీరిపోతుంది.

రెండూ చెల్లే చోట నేను అడిగే మొదటి ప్రశ్న, మోటార్ ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుందని. కార్బ్యురేటర్ టూ స్ట్రోక్‌లో కొత్త మిశ్రమం సిలిండర్లోకి వచ్చేటప్పుడే ఎగ్జాస్ట్ దారి కూడా తెరిచి ఉంటుంది. దాంతో ఇంధనంలో పాతిక నుంచి ముప్పై శాతం దాకా కాలకుండానే బయటికి పోవచ్చు. ఈ నష్టం నిదానంగా తిరిగేటప్పుడే ఎక్కువగా తెలుస్తుంది. వల వేస్తూ, గాలం లాగుతూ గంటల తరబడి మెల్లగా నడిపే పడవకు ఫోర్ స్ట్రోక్ ఆదా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. రేవు నుంచి వేట చోటికి ఫుల్ థ్రాటిల్ మీద వెళ్లి, ఆపేసి, మళ్లీ ఫుల్ థ్రాటిల్ మీద వచ్చేవాళ్లకు తేడా అంత ఉండదు. గంటకు 4 లీటర్లు మిగిలిందనుకోండి. ఏడాదికి 600 గంటలు తిరిగితే 2,400 లీటర్లు, మోటార్ ధరలో మంచి భాగం. 60 గంటలే తిరిగితే 240 లీటర్లు. దానికోసం అంత పెట్టుబడి పెట్టాలా అన్నది ఎవరి జేబు వాళ్లను అడగాలి. టూ స్ట్రోక్ లెక్కలో ఆయిల్ కూడా కలపండి. 50కి 1 చొప్పున కలిపితే 25 లీటర్ల ట్యాంకుకు అర లీటరు పోతుంది, ప్రతి ట్యాంకుకూ.

రెండో ప్రశ్న, మోటార్‌ను రోజూ దించి ఎక్కిస్తారా? ఒడ్డు మీదికి లాగే పడవల్లో ఇది ప్రధానం. 70 కిలోల టూ స్ట్రోక్‌ను ఇద్దరు మోసుకుపోతారు, ఎటు పడుకోబెట్టినా దానికి బాధ లేదు. ఫోర్ స్ట్రోక్‌ను కంపెనీ చెప్పిన వైపే పడుకోబెట్టాలి. లేకపోతే అడుగున ఉన్న ఆయిల్ సిలిండర్లలోకి చేరుతుంది. పడవ తిరగబడి మోటార్ మునిగిన సందర్భంలోనూ సాదా టూ స్ట్రోక్‌ను నీళ్లు వంపి, కడిగి, ప్లగ్గులు ఆరబెట్టి అదే రోజు బతికించే అవకాశం ఎక్కువ. వైర్లు, సెన్సర్లు, కంప్యూటర్ ఉన్న ఇంజెక్షన్ మోటార్‌తో అంత ధీమా ఉండదు. అలలు బద్దలయ్యే తీరాల్లో మత్స్యకారులు టూ స్ట్రోక్‌ను వదలకపోవడం మొండితనం కాదు, ఈ లెక్కలన్నీ వాళ్లకు తెలుసు.

మూడోది, బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు? ల్యాప్‌టాప్ పెట్టి ఎర్రర్ కోడ్ చదివే మెకానిక్ అందుబాటులో ఉంటే ఇంజెక్షన్ ఫోర్ స్ట్రోక్ అంత తక్కువ ఇబ్బంది పెట్టే మోటార్ ఇంకోటి లేదు. చలిలో కూడా తాళం తిప్పగానే పలుకుతుంది, పొగ లేదు, నడుస్తుండగా మాట్లాడుకోవచ్చు. 100 గంటలకోసారి, లేదా ఏడాదికోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఈ క్రమశిక్షణ లేని చేతుల్లో ఫోర్ స్ట్రోక్ టూ స్ట్రోక్ కంటే ముందు పోతుంది. చిన్న మోటార్లలో బ్యాటరీ లేకుండానే పనిచేసే ఇంజెక్షన్ కూడా వచ్చింది. సుజుకీ, మెర్క్యురీ, యమహా మూడింటిలోనూ తాడు లాగి స్టార్ట్ చేసే అలాంటి మోడళ్లు ఉన్నాయి. 20–25 హెచ్‌పీ చాలనుకునే పడవకు అవి మంచి ఎంపిక.

డైరెక్ట్ ఇంజెక్షన్ టూ స్ట్రోక్ అనే మధ్యేమార్గం ఒకటి ఉండేది. టూ స్ట్రోక్ ఊపు, ఫోర్ స్ట్రోక్‌కు దగ్గరగా పొదుపు. వాటిలో పేరున్న ఎవిన్‌రూడ్ ఈ-టెక్‌ను తయారుచేసిన బీఆర్‌పీ కంపెనీ 2020లో ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ మానేసింది. సెకండ్ హ్యాండ్‌లో ఇంకా కనిపిస్తాయి, బాగా నడిచేవీ ఉన్నాయి. దాన్ని తెలిసిన మెకానిక్, దానికి సరిపడే ఆయిల్ రెండూ దగ్గర్లో దొరుకుతాయని ఖాయమైతే తప్ప జీవనాధారమైన పడవకు నేను దాన్ని సిఫారసు చెయ్యను.

మొత్తం మీద, ఏడాదికి కొన్ని వందల గంటలు తిరిగి, రేవులో కట్టేసి ఉంచే పడవకు ఫోర్ స్ట్రోక్. రోజూ ఒడ్డుకు లాగే తేలికపాటి పడవకు, మెకానిక్ దూరంగా ఉన్నచోట, చట్టం ఒప్పుకుంటే టూ స్ట్రోక్.

కిరోసిన్, డీజిల్, కరెంటు

కిరోసిన్ మోటార్లు పెట్రోల్‌తో స్టార్ట్ అయి, వేడెక్కాక కిరోసిన్‌కు మారతాయి. ఆపే ముందు మళ్లీ పెట్రోల్ మీద కాసేపు నడపాలి, లేకపోతే మర్నాడు స్టార్టింగ్ కష్టం. కిరోసిన్ బాగా చవకగా, నిలకడగా దొరికే చోట తప్ప వీటి జోలికి వెళ్లనక్కర్లేదు. డీజిల్ అవుట్‌బోర్డ్‌లు పొదుపైనవే, కానీ ఓఎక్స్ఈ, కాక్స్ వంటి కంపెనీలవి ఎక్కువగా 150 హెచ్‌పీ, అంతకు పై స్థాయివి. వాటి ధరా బరువూ మనం మాట్లాడుకునే పాత పడవకు నప్పవు.

ఎలక్ట్రిక్ మోటార్ చెరువుల్లో, ప్రశాంతమైన వెనకజలాల్లో మెల్లగా తిరిగే చిన్న పడవకు హాయిగా ఉంటుంది. సముద్రానికి లెక్క వేరు. లీటరు పెట్రోల్‌లో దాదాపు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. ఇంజన్ అందులో చాలా భాగం వేడిగా పారేసినా, 25 లీటర్ల డబ్బాకు సమానమైన పని బ్యాటరీతో చేయించాలంటే కొన్ని వందల కిలోల బ్యాటరీలు మొయ్యాలి. 5 కిలోవాట్ అవర్ల బ్యాటరీ 2.5 కిలోవాట్ల మీద రెండు గంటలు నడుపుతుంది. ఎదురుగాలి వస్తే అంత కూడా రాదు.

కొత్తదా, సెకండ్ హ్యాండా, పాతదాన్నే బాగుచేయించడమా?

పాత మోటార్ తల, అంటే ఇంజన్ ఉండే పవర్‌హెడ్ మాత్రమే పోయి, గేర్ భాగం బాగుంటే, విడిభాగాలు ఇంకా వస్తుంటే బాగుచేయించడం తెలివైన పనే. బరువు మారదు, కేబుళ్లు మారవు, ట్రాన్సమ్ రంధ్రాలు మారవు. అయితే కంపెనీయే లేని మోటార్ మీద డబ్బు పెట్టేముందు ఆగండి. జాన్సన్, ఎవిన్‌రూడ్ తయారుచేసిన ఓఎంసీ 2000లో దివాలా తీసింది. ఆ కాలం మోటార్లకు అరిగే సామాన్లు దొరికినా, ఎలక్ట్రానిక్ ముక్క ఒకటి పోతే నెలల తరబడి వెతకాలి. వేట సీజన్లో పడవ ఒడ్డున కూర్చుంటే ఆ నష్టం ఎవరు భరిస్తారు?

సెకండ్ హ్యాండ్ చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు మూత మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లారేదాకా కూర్చోండి, అప్పుడు స్టార్ట్ చేయించండి. కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, అన్ని సిలిండర్లలో కొలిపించాలి. అంకె ఎంతన్నది కంటే వాటి మధ్య తేడా ముఖ్యం, పది శాతం దాటితే వద్దు. గేర్ ఆయిల్ కింది స్క్రూ విప్పి కొద్దిగా కార్చండి. పాల రంగులో ఉంటే సీళ్లు పోయి నీళ్లు చేరాయి. లోహపు తునకలు మెరుస్తుంటే గేర్లే పోతున్నాయి. నడుస్తున్నప్పుడు పక్కనుంచి చిమ్మే నీటిధార బలంగా రావాలి. ఫోర్ స్ట్రోక్ అయితే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోల్ వాసన గుప్పున కొడితే, మట్టం ఉండాల్సిన దానికంటే పైన ఉంటే ఇంధనం ఆయిల్‌లో కలుస్తోంది. కొత్త పెయింట్ మాత్రం ఏమీ చెప్పదు. పైగా పవర్‌హెడ్ మీద కూడా కొత్త పెయింట్ ఉంటే దాని కింద ఏముందా అని అనుమానించాలి.

ఒక పెద్ద మోటార్ బదులు రెండు చిన్నవి పెట్టాలన్న ఆలోచన కూడా చాలామందికి వస్తుంది. పాత పడవకు నేను వద్దంటాను. రెండింటి బరువు కలిపితే ఒకదానికంటే ఎక్కువే, ఖర్చూ రెండింతలు. భయం వేసేది నడిసముద్రంలో ఆగిపోవడం గురించే అయితే, వేరే ట్యాంకుతో, తాడు లాగి స్టార్ట్ చేసే 5 నుంచి 10 హెచ్‌పీ చిన్న మోటార్ పక్కన పెట్టుకోండి. వేరే ట్యాంకు అన్నది ముఖ్యం. నీళ్లు కలిసిన పెట్రోల్ ఒకే ట్యాంకు నుంచి వెళ్తే రెండూ ఒకేసారి ఆగిపోతాయి.

మోటార్ ధరలో కనిపించని ఖర్చులు

కంపెనీ మారితే గేర్, థ్రాటిల్ కంట్రోల్ బాక్సు, కేబుళ్లు, వైరింగ్, మీటర్లు మారతాయి. పాతవి కుదురుతాయని ఎవరైనా అంటే చేసి చూపించమనండి. స్టీరింగ్ కేబుల్ బిగుసుకుపోయి ఉంటే దాన్నీ ఇప్పుడే మార్చండి. ట్రాన్సమ్‌లో పాత బోల్టు రంధ్రాలు కొత్తవాటితో కలవకపోతే ఎపాక్సీతో నింపి కొత్తగా వెయ్యాలి, ప్రతి బోల్టుకూ మెరైన్ సీలెంట్ పట్టించాలి.

ఇంధనం దారిని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. పాత కార్బ్యురేటర్ మింగేసిన చెత్తను ఇంజెక్షన్ మోటార్ మింగలేదు. ట్యాంకు కడిగించాలి, గొట్టాలూ రబ్బరు పంపు బంతీ కొత్తవి వెయ్యాలి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత గొట్టాల లోపలి పొరను ముక్కలుగా రాలుస్తుంది. 10 మైక్రాన్ల నీళ్ల ఫిల్టర్ తప్పనిసరి. తాము కరిగిపోతూ మోటార్‌ను తుప్పు నుంచి కాపాడే లోహపు ముక్కలే యానోడ్లు; ఉప్పునీటి పడవైతే జింక్ లేదా అల్యూమినియం యానోడ్లు, మంచినీటికి మెగ్నీషియం యానోడ్లు పెట్టించండి. వాటి మీద పెయింట్ వేశారంటే అవి ఉన్నా లేనట్టే.

ఆఖరుగా ప్రొపెల్లర్. మోటార్‌తో వచ్చే ప్రొపెల్లర్ మీ పడవను చూసి పెట్టింది కాదు. పడవలో మామూలు లోడు అంతా వేసి, ఫుల్ థ్రాటిల్ మీద ఆర్‌పీఎం ఎంత వస్తోందో చూడండి. కంపెనీ 5,000 నుంచి 6,000 అని చెప్పిందనుకుందాం. మీకు 4,600 దగ్గరే ఆగిపోతుంటే మోటార్ బండెడు బరువు లాగుతూ లోలోపల నలిగిపోతోందని లెక్క. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ముందుకు సాగే దూరం; దాన్ని ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది, కాబట్టి ఇక్కడ నాలుగైదు అంగుళాలు తగ్గించాల్సి రావచ్చు. ఖాళీ పడవతో ఈ పరీక్ష చేస్తే అంకె అందంగా వస్తుంది, ఐస్, చేపలతో తిరిగొచ్చే రోజున అదే మోటార్ రొప్పుతుంది. చేపల పడవకు లోడు మీద 5,500 చుట్టూ వచ్చే ప్రొపెల్లర్ కావాలి. రెండు మూడు పిచ్‌లు మార్చి చూసుకోనిస్తారా లేదా అన్నది బిల్లు కట్టకముందే డీలర్‌తో మాట్లాడుకోండి, కట్టాక అడిగితే ఒక్కో ప్రొపెల్లర్‌కూ మళ్లీ ధర చెబుతారు.